ఒక రాయి, పన్నెండు ఎడమ భుజాలు

ముప్పై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో నేను సొంతంగా పట్టుకున్న దొంగ ఒక్కడే. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఎవరో తరుముతుంటే పరిగెత్తుకుంటూ వచ్చి, నా కాళ్ళకు తట్టుకుని పడ్డాడు. బల్ల ఒరిగి నేను వాడి మీద పడ్డాను. నా బరువుకు వాడు లేవలేకపోయాడు. నేను మామూలుగానే లేవలేను. రికార్డులో మాత్రం ‘ప్రాణాలకు తెగించి వెంటాడి పట్టుకున్నాడు’ అని రాసి, మెచ్చుకుంటూ ఒక కాగితం ఇచ్చారు. దాన్ని పటం కట్టించి గోడకు తగిలించాను. మా ఆవిడ వంట కుదరని రోజు నేను సణిగితే, ఆ పటం వైపు ఒకసారి చూసేది. అంతే, నేను తినేసేవాణ్ణి.

ఇప్పుడు ఖాకీ బట్టలు కుట్టించుకుంటున్న పిల్లలకు ఆ కాగితం సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, మా రోజుల్లో జరిగింది ఒకటి, కాగితం మీద ఉండేది ఒకటి. రెంటికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత మంచి పోలీసు అనిపించుకునేవాడు. ఆ లెక్కన నేను చాలా మంచి పోలీసును.

మా ఇల్లు పుదుచ్చేరి ఊళ్ళోనే, మున్సిపాలిటీ పాకీపనివాళ్ళ కాలనీకి పక్క వీధిలో. మా తాత కాలం నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఏడో తరగతిలో నేను బడి మానేశానని మా ఇంట్లో చెప్పేవాళ్ళు. బడే నన్ను మానేసిందని మాస్టారు చెప్పేవారు. డెబ్బైల్లో పోలీసులో మనుషులను తీసుకుంటున్నారంటే వెళ్ళి నిలబడ్డాను. ఎత్తు కొలిచారు, ఛాతీ కొలిచారు, మిగిలినవేవీ కొలవలేదు. నెత్తిన ఎర్ర టోపీ పెట్టారు. ఆ టోపీ రెండు వీధుల అవతలి నుంచి కనబడుతుంది. అందువల్ల దొంగలకు చాలా సౌకర్యంగా ఉండేది.

నేను చెప్పబోయేది ఎనభైల మొదట్లో, ఒక స్టేషన్లో నేను కానిస్టేబుల్‌గా ఉన్నప్పటి సంగతి.

బజారు వీధిలో బట్టల కొట్టు శెట్టిగారి సైకిల్ పోయింది. పొద్దున్నే వచ్చి చెప్పారు. మా హెడ్ కానిస్టేబుల్, ఆయన్ను మేం ఏట్టయ్య అనేవాళ్ళం, గొప్ప తర్కం గల మనిషి. ‘పొద్దున్న ఆ వీధిలోకి ముందు వచ్చేది ఎవరు? ఊడ్చేవాడు. కాబట్టి తీసింది ఊడ్చేవాడు’ అన్నారు. ఆ వీధి ఊడ్చే మనిషిని తీసుకొచ్చారు. నలభై దాటిన మనిషి. మధ్యాహ్నం దాకా అతని అరికాళ్ళ మీద లాఠీతో అడిగారు. సైకిల్ ఎక్కడుందో అతనికి తెలియదు కాబట్టి చెప్పలేకపోయాడు. అది మొండితనం కింద లెక్కకు వచ్చింది.

మూడు గంటలకు శెట్టిగారు నవ్వు మొహంతో మళ్ళీ వచ్చారు. క్రితం రోజు మురుంగపాక్కంలో బంధువుల ఇంటికి సైకిల్ మీద వెళ్ళారట. వాన పడితే బస్సులో తిరిగి వచ్చేశారట. సైకిల్ మరిచిపోయారు. మరిచిపోయిన సంగతి కూడా మరిచిపోయారు. బంధువు ఇప్పుడే తొక్కుకుంటూ తెచ్చి ఇచ్చాడట.

“దొరికిందయ్యా, మీ దయ,” అన్నారు శెట్టిగారు.

ఏట్టయ్య లోపలికి వెళ్ళి, “పో, నీ మీద కేసేమీ లేదు,” అన్నారు, వరమిచ్చినట్టు.

అతను లేచి నిలబడలేకపోయాడు. కబురందుకుని అతని అక్క వచ్చింది. ఆమె కూడా మున్సిపాలిటీలో ఊడ్చే మనిషే. ఇరవై ఏళ్ళ నుంచి చేస్తోంది. మా అమ్మకు స్నేహితురాలు కాబట్టి నేను అత్తా అని పిలిచేవాణ్ణి. చిన్నప్పుడు ఆమె చేతి మురుకులు తిని పెరిగాను. ఆమె చెత్త బండి తోసుకుంటూ వచ్చింది. రిక్షావాడు ఎవడూ స్టేషన్ ముందుకు రానన్నాడట. తమ్ముణ్ణి ఆ బండిలో కూర్చోబెట్టింది. గేటు దగ్గర కాపలా నేను.

“ఏందిరా, నువ్వు లోపలుండావా?” అంది.

“లేదత్తా. పొద్దున్నుంచి ఈడనే, గేటు కాడ.”

“గేటు కాడికి ఇనపడదా?”

ఆమె బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. నేను గేటు తీసి పట్టుకున్నాను. సాయమంటే అదొక్కటే చేశాను.

మరునాడు పొద్దున ఎనిమిదింటికి కాలనీ మొత్తం వచ్చింది. అందరూ తెల్లవారేలోపే ఊరంతా ఊడ్చేసి వచ్చారు. ఒక్క మా స్టేషన్ వీధి వదిలేశారు. అరుపులు లేవు, జెండాలు లేవు. తలా ఒక చీపురు, వీధులు ఊడ్చే పొడుగు కర్ర చీపురు, తెచ్చి స్టేషన్ గేటుకు అడ్డంగా వరసగా పడుకోబెట్టారు. ముప్పై నలభై ఉంటాయి. వాటి అవతల రోడ్డు మీద కూర్చున్నారు.

వాళ్ళు అడిగింది చాలా చిన్నది. కొట్టిన మనిషి గేటు దగ్గరికి వచ్చి, అందరి ముందూ, ‘సైకిల్ నువ్వు తియ్యలేదు, నేనే నిన్ను ఊరికే కొట్టాను’ అని అతనితో చెప్పాలి. అప్పుడు చీపుర్లు తీసేస్తారు.

మొదట మేం నవ్వుకున్నాం. డ్యూటీ మారే వేళ అయ్యేసరికి నవ్వు పోయింది. చీపురు దాటకూడదు. తొక్కితే దరిద్రం, కాలితో తన్నితే లక్ష్మిని తన్నినట్టు. మా అమ్మ ఇంట్లో అడ్డంగా పడి ఉన్న ఒక్క చీపురు దాటితేనే నెత్తిన నీళ్ళు చల్లేది. ఇక్కడ నలభై. అందులోనూ మేం ఉసురు పోసుకున్నవాళ్ళ చీపుర్లు. రాత్రి రౌండుకు వెళ్ళి శ్మశానం గోడ మీద కూర్చుని బీడీ కాల్చుకునే వీరులు మాలో ఉన్నారు. వాళ్ళు కూడా గేటు దాకా వచ్చి, కిందికి చూసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగేవాళ్ళు.

ఎస్సై మోటారు సైకిల్ మీద వచ్చి బయటే ఆగిపోయారు. నుదుటి మీద విభూతి, కుంకుమ దట్టంగా పెట్టుకునే మనిషి. మా మాటలు తమిళంలో జరిగాయి, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

“ఏంటివి? తీసెయ్,” అన్నారు గేటు లోపల ఉన్న నాతో.

“సార్, ఇవాళ శుక్రవారం.”

“శుక్రవారం కాకపోతే తీస్తావా?”

“మిగతా రోజులు కూడా ఇంతే సార్. శుక్రవారం కొంచెం ఎక్కువ.”

ఆయన నన్ను చూశారు, చీపుర్లను చూశారు, మోటారు సైకిల్ దిగి వెనక సందులోకి నడిచారు. స్టేషన్ వెనక గోడ నడుమెత్తుకు కొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ రోజు నుంచి అదే మా గేటు. డ్యూటీకి దూకి రావడం, దూకి పోవడం. ఒకసారి ఒక జేబుదొంగను పట్టుకుని వెనక గోడ దగ్గరికి తెచ్చాం. ఆ గోడ ఎక్కడానికి మాకు కష్టంగా ఉందని చూసి, వాడే పాపం వంగి వీపు ఇచ్చాడు. ముగ్గురం వాడి మీదుగా ఎక్కి, ఆ తర్వాత వాణ్ణి పైకి లాగాం. మర్యాద తెలిసినవాడు.

ఏట్టయ్యను ఎస్సై పిలిపించి, “రెండు మాటలు చెప్పేస్తే పోతుంది కదా,” అన్నారని రైటర్ చెప్పాడు. రైటర్ అంటే స్టేషన్లో కాగితాలన్నీ రాసే కానిస్టేబుల్, మా తెలుగువాడే. ఏట్టయ్య ఒప్పుకోలేదు. “నేను కొట్టలేదు సార్, విచారించాను. ఇవాళ ఒకడికి చెబితే రేపు వరసలో నిలబడతారు,” అన్నారట. ఎంతమంది నిలబడతారో ఆయనకు అంచనా ఉన్నట్టుంది.

నాలుగో రోజు పైనుంచి పెద్దాఫీసర్ తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన్ను గోడ దూకించే ధైర్యం ఎవరికీ లేదు. దానికంటే లాఠీచార్జి సులభం అనిపించింది.

లాఠీచార్జికి ట్రైనింగులో నేర్పే మొదటి సంగతి ఒకటుంది. జనం పారిపోవడానికి ఒక దారి వదలాలి. మన పని వాళ్ళను పంపించడం, పట్టి ఉంచడం కాదు. మేం గేటులోంచి బయటికి తోస్తే వాళ్ళు రోడ్డు మీదికి, రెండు పక్కలకీ పోయేవాళ్ళు. పది నిమిషాల్లో అయిపోయేది. కానీ గేటులోంచి బయటికి రావాలంటే చీపుర్లు దాటాలి.

మేం పన్నెండు మందిమి. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎస్సై కూడా మా మొహాలే చూశారు. అందరం వెనక్కి నడిచి, గోడ దూకి, సందు చుట్టి, రోడ్డు మీదికి రెండు వైపుల నుంచీ వచ్చాం. అంటే వాళ్ళ వెనక నుంచి. ఇప్పుడు వాళ్ళకు వెనక మేం, ముందు చీపుర్లు, చీపుర్ల అవతల మూసిన గేటు. దరిద్రం చుట్టుకుంటుందనే భయంతో అక్షరాలా మనుషులను మూటగట్టాం. ఇది ఇంకే ఊరి పోలీసులూ చేసి ఉండరు. నేను ఆలోచించి చెబుతున్నాను.

ఈల మోగింది. ముందు కొంతమంది గేటు వైపు తోసుకున్నారు. చీపుర్ల దగ్గరికి వచ్చి వాళ్ళు కూడా ఆగిపోయారు! తమ చీపుర్లను తామే తొక్కలేక. వెనకవాళ్ళు ముందువాళ్ళ మీద పడ్డారు. నేను లాఠీ ఎత్తాను. నాకు కోపమేమీ లేదు. పక్కవాడు ఎత్తాడు, నేనూ ఎత్తాను. నా పోలీసు ఉద్యోగంలో చాలా పనులు ఆ కారణంగానే జరిగాయి. ఒకటి గాలిలో తిప్పాను, ఒకటి ఎవరి వీపుకో తగిలింది, మూడోది కిందికి దించాను. కర్ర మీద కర్ర పడినట్టు చప్పుడు వచ్చింది. అది కర్ర కాదు.

అత్త వంగి ఉంది. రెండు చేతులతో చీపుర్లు ఎత్తి పక్కకు పడేస్తోంది. పడిపోతున్నవాళ్ళకు దారి చేస్తోంది. మేం పన్నెండు మంది పోలీసులం, ఒక ఎస్సై, నాలుగు రోజులు చేయలేని పని, మేం కొడుతుంటే ఆమె చేసింది. నా లాఠీ ఆమె కుడి మణికట్టు మీద పడింది.

తలెత్తి చూసింది.

“నువ్వేనా?” అంది, లెక్క సరిచూసుకుంటున్నట్టు. మిగిలిన చీపుర్లను ఎడం చేత్తో లాగడం మొదలుపెట్టింది.

దారి ఏర్పడింది. జనం ఆ ఖాళీలోంచి స్టేషన్ గోడ వెంట పోయారు. పెద్దాఫీసర్ జీపు వచ్చేసరికి గేటు ఖాళీగా ఉంది. వీధి ఊడ్చలేదని ఆయన చిరాకు పడ్డారు.

సాయంత్రం రైటర్ నన్ను పిలిచాడు. “రారా, నీతో పనుంది. స్టేట్‌మెంట్లు కావాల.”

మా స్టేషన్లో ఒక పద్ధతి ఉండేది. కథ నేను కట్టాలి, రైటర్ దిద్దాలి, మిగతావాళ్ళు చూసి రాసుకోవాలి. చదువు తక్కువైనా నాకు కథ అల్లడం బాగా వచ్చని పేరు. పేరంటే ఎవరికి చేదు?

“ముందు వాళ్ళే గొడవకు దిగినట్టు ఉండాల,” అన్నాడు రైటర్. “ఏం పెడతాము?”

“రాయి పెట్టు. రాయి ఎప్పుడైనా నమ్ముతారు.”

“ఎవరికి తగిలినట్టు?”

“నాకే తగలనీ. ఎడమ భుజం మీద. కుడి అంటే లాఠీ ఎట్ల తిప్పినావని అడుగుతారు.”

రైటర్ నన్ను మెచ్చుకోలుగా చూశాడు. నాకు గర్వంగానే ఉంది, అబద్ధం చెప్పను. ‘గుంపులో నుంచి ఒక మహిళ విసిరిన రాయి నా ఎడమ భుజానికి బలంగా తగిలింది. అయినా నేను ఓర్పు వహించి హెచ్చరించితిని’ అని రాశాను. ‘హెచ్చరించితిని’ లాంటి మాటలు తమిళంలోనూ ఉంటాయి. అవి పెడితే అధికారులకు నచ్చుతుంది. మహిళ పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఊరికే అలంకారానికి పెట్టిన మహిళ ఆమె. కాగితం రైటర్‌కు ఇచ్చి, ఇంటికి వెళ్ళి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఆ చప్పుడు చెవిలో ఉంది. దాని సంగతి స్టేట్‌మెంటులో లేదు కాబట్టి జరగలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇతరులకు చెప్పినంత బాగా కుదరలేదు.

వారం తర్వాత తెలిసింది. రైటర్ ఆ ఖాళీలో అత్త పేరు నింపాడు. ఆమె మీద కేసు. మున్సిపాలిటీకి కాగితం వెళ్ళింది. కేసు నిలబడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో బాటు కాలనీలో ఇల్లు కూడా. తమ్ముడు ఇంకా మడమల మీద నడుస్తున్నాడు, ఆ ఇంట్లో పనికి పోగలిగింది ఆమె ఒక్కతే. ఆమె చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది.

నేను రైటర్ దగ్గరికి పోయాను.

“ఆమె పేరు యాల పెట్టినావప్పా?”

“చెయ్యి విరిగినోళ్ళు ఇంకెవురుండారు? ఆసుపత్రిలో రాసినారు గదా. విరిగిన చెయ్యికి కారణం ల్యాకుంటే మన మీదికి వస్తాది.”

“ఆమె రాయి ఎయ్యలేదు.”

“రాయి ఎవురూ ఎయ్యలేదు గదరా. లేని రాయిని ఎవురేస్తే ఏమి?”

వాడి తర్కం కూడా ఏట్టయ్య తర్కమంత గట్టిది. స్టేషన్ గాలిలో ఏదో ఉండేది.

ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ లాఠీచార్జి రోజు నుంచి కాలనీవాళ్ళు ఊరంతా ఊడ్చడం మానేశారు. మొదటి రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు చేపల మార్కెట్ తలకాయలు, కల్యాణ మండపాల ఎంగిలాకులు, బజారు కుళ్ళు కూరగాయలు అన్నీ కలిసి ఊరితో మాట్లాడటం మొదలుపెట్టాయి. గాలి సముద్రం వైపు వీచినా సరే, వాసన ఇటే వచ్చేది. వారానికి బజారు కొట్లవాళ్ళందరూ ఊరేగింపుగా కలెక్టరాఫీసుకు వెళ్ళారు. ముందు మా శెట్టిగారు, పంచె కొంగు ముక్కుకు పెట్టుకుని, “న్యాయం జరగాల!” అని అరుస్తూ. న్యాయం వాసన ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది ఆయనకు. విచారణ వేశారు.

విచారణ రోజు వచ్చింది. ఒక పెద్ద హాలు. పైన తిరగని ఫ్యాను. విచారణకు వచ్చిన అధికారి సన్నటి మనిషి, గొంతు ఎత్తడు, వేడినీళ్ళు తాగుతాడు. ఒక పక్క బల్ల మీద అత్త, ఆమె తమ్ముడు, కాలనీ పెద్దలు ఇద్దరు. ఇంకో పక్క మేం పన్నెండు మంది, ఇస్త్రీ బట్టల్లో. ఎస్సై, ఏట్టయ్య కుర్చీల్లో.

ఆయన మొదటి స్టేట్‌మెంటు చదివారు. రెండోది చదివారు. మూడోది తీసి, మొదటిదాన్ని మళ్ళీ తీశారు.

“నీకు రాయి ఎక్కడ తగిలింది?” మొదటివాణ్ణి అడిగారు.

“ఎడమ భుజం సార్.”

“నీకు?”

“ఎడమ భుజం సార్.”

“నీకు?”

మూడోవాడు ఇబ్బందిగా చూసి, “నాకూ అక్కడే సార్,” అన్నాడు.

ఆయన పన్నెండు కాగితాలూ బల్ల మీద పేకముక్కల్లా పరిచారు. అప్పుడు నాకు తెలిసింది. నేను ఒక్కడి కథ రాసిచ్చాను. రైటర్ తొందరలో ఉన్నాడు. మిగిలినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు దించేశారు. ఒకే రాయి పన్నెండు ఎడమ భుజాలకు తగిలింది. పన్నెండు మందీ ఓర్పు వహించిరి.

ఆయన ఒక కాగితం దగ్గర ఆగారు. “మీరిద్దరూ అన్నదమ్ములా?” అన్నారు, నన్నూ, చివర నిలబడ్డవాణ్ణీ చూసి. వాడు ముస్లిం.

“లేదు సార్,” అన్నాడు వాడు.

“తండ్రి పేరు ఒకటే ఉందే?”

వాడు మా నాన్న పేరు కూడా దించేశాడు. వాడు నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

“రాయి ఎంత ఉంది?” ఆయన వరసగా అడిగారు. ఒకడు నిమ్మకాయంత అన్నాడు. ఇంకొకడు కొబ్బరికాయంత అన్నాడు. ఒకడు అరచేతులు రెండూ పెట్టి చూపించడం మొదలుపెట్టి, ఏట్టయ్య దగ్గడంతో కొంచెం తగ్గించాడు.

ఆయన నవ్వలేదు. అత్త వైపు తిరిగారు. “మీరు రాయి విసిరారా, అమ్మా?”

ఆమె లేచి నిలబడింది. “సార్, మేము ఊడ్చే ఊళ్ళో రాయి యాడుంటాది? ఉంటే మేం ఊడ్చలేదనే గదా.”

“ఆ వీధి నాలుగు రోజులు ఊడ్చలేదట కదా?”

“నాలుగు దినాల్లో రాళ్ళు మొలుస్తాయా సార్?”

హాల్లో ఎవరో నవ్వారు. నవ్వు విని ఆమె మొహం గట్టిపడింది. అది ఆమెకు పరిహాసం కాదు. “సార్, ఈ పని పోతే నాకు ఇల్లు లేదు. తమ్ముడు నడవలేడు. ఊడ్చేది తప్ప నాకేం రాదు. ఎడం చేత్తో ఊడ్చేది నేర్చుకుంటా ఉండాను. పని తియ్యొద్దు,” అంది.

ఆయన నన్ను పిలిచారు. “నువ్వు చెప్పు. రాయి ఎంత ఉంది?”

విచిత్రం ఏమిటంటే, ఆ రాయిని పుట్టించినవాణ్ణి నేను. దాని సైజు ఎంతో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. నిమ్మకాయా, కొబ్బరికాయా అని మనస్సులో వెతికాను. ఏదో ఒక హాస్యం చెప్పి తప్పించుకోవచ్చు. నాకు అలవాటే. రెండు మూడు హాస్యాలు నోటిదాకా వచ్చాయి కూడా, మంచివే. అత్త కట్టు వేలాడుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

“రాయి లేదు సార్,” అన్నాను.

ఏట్టయ్య కుర్చీ కదిలిన చప్పుడు వినబడింది.

“లేదంటే?”

“నేనే కల్పించాను సార్. అన్నీ నా కాగితం చూసి రాసినవే. అందుకే మా నాన్నగారు కూడా ఉన్నారు.”

“ఆమె చెయ్యి?”

“నేనే సార్. ఆమె రాయి ఎత్తలేదు. చీపుర్లు ఎత్తుతూ ఉంది. జనానికి దారి ఇస్తూ ఉంది. నా లాఠీ పడింది.”

“గేటులో నుంచి తోస్తే జనం రోడ్డు మీదికి పోయేవాళ్ళు కదా? వెనక నుంచి ఎందుకు వచ్చారు?”

మేం పన్నెండు మందిమీ నేల చూశాం. ఎస్సై విభూతి తుడుచుకున్నారు.

“చీపుర్లు సార్,” అన్నాను.

ఆయన కలం చేతిలోకి తీసుకున్నారు. “దీన్ని నేను ఎలా రాయాలి?” అన్నారు, నాతో కాదు, తనతోనే. ఆ తర్వాత వేడినీళ్ళు తాగి రాశారు. ఏం రాశారో నేనెప్పుడూ చూడలేదు.

ఆమె మీద కేసు తీసేశారు. పని పోలేదు, ఇల్లు పోలేదు. వీధులు మళ్ళీ శుభ్రమయ్యాయి. ఊరు వెంటనే అంతా మరిచిపోయింది. ఏట్టయ్యను ఇంకో స్టేషన్‌కు మార్చారు. అది ఇంతకంటే పెద్ద స్టేషన్. గేటు ముందు చెప్పాల్సిన ఆ రెండు మాటలూ ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పదకొండు మందికీ జాగ్రత్తగా రాయమని హెచ్చరిక వచ్చింది. జాగ్రత్త అంటే ఏమిటో వాళ్ళు ఎవరికి వాళ్ళు అర్థం చేసుకున్నారు.

నన్ను కొన్ని నెలలు పక్కన పెట్టారు. ఆ రోజుల్లో ఒకసారి బ్యారక్‌లో నా పెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళాను. పెట్టె మీద అడ్డంగా ఒక చీపురు పెట్టి ఉంది. ఎవరు పెట్టారని అడగలేదు. అక్కడున్నవాళ్ళెవరూ మొహం తిప్పుకోలేదు, నేనే తిప్పుకున్నాను. ఆ చీపురుతోనే గది ఊడ్చి, దాన్ని గోడకు ఆనించి, పెట్టె తీసుకుని వచ్చేశాను. ఆ గది ఊడ్చి చాలా రోజులైనట్టుంది.

ఆ తర్వాత శిక్షగా యానాం పంపించారు. పుదుచ్చేరి పాలన కిందే ఉన్న ఊరైనా, గోదావరి ఒడ్డున, బస్సులూ రైళ్ళూ మారి వెళ్ళేంత దూరం. అక్కడ తెలుగు మాట్లాడతారు కాబట్టి నాకు శిక్ష తగ్గించారనుకున్నాను. నేను నోరు తెరిస్తే వాళ్ళు నన్ను తమిళుడనుకున్నారు. తెలుగులో మాట్లాడుతున్నానని నచ్చజెప్పడానికి వారం పట్టింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచి మాట్లాడిన భాషకు అక్షరాలు నేర్చుకున్నది మాత్రం అక్కడే, కిరాణా కొట్ల బోర్డులు చూసి. ఇది చదువుతుంటే తప్పులు కనబడితే, ఆ శిక్ష పూర్తిగా అమలు కాలేదనుకోండి.

మూడేళ్ళకు తిరిగి వచ్చాను. వచ్చేటప్పటికి నాలో ఒక జబ్బు మొదలైంది. పన్నెండు మందిలో నిజం చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే అనే జబ్బు. ఎవరూ అడగకపోయినా ఆ కథ చెప్పేవాణ్ణి. లాస్‌పేటలో పెళ్ళికి పోతే అక్కడ చెప్పాను. విల్లియనూరు బస్సులో పక్కవాడికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా పాత్ర కొంచెం పెరిగేది, లాఠీ కొంచెం తగ్గేది. మీకు కూడా వయస్సు మీద పడితే ఈ జబ్బు వస్తుంది. మందు ఒకటే ఉంది. నాకు అది దొరికింది.

యానాం నుంచి కాజాలు తెచ్చాను. పొట్లం పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటప్పుడు ఆమె బజారు వీధి చివర ఊడుస్తోంది. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. చీపురు ఎడమ చేతిలో ఉంది, కుడి చెయ్యి ఊరికే తోడుగా పట్టుకుంది. నన్ను చూసింది, ఊడ్చడం ఆపలేదు. నేను పక్కనే నడిచాను. నా కాళ్ళ ముందు చెత్త చేరితే పక్కకు జరిగాను.

“అత్తా, కాజాలు.”

“బండి మీద పెట్టు.”

పెట్టాను. కాసేపు ఆగాను. ఆమె ఏమైనా అంటుందని. బండిని ముందుకు నెట్టి, మళ్ళీ ఊడ్చింది. నేను ఉండబట్టలేకపోయాను.

“అత్తా, నా మీద కోపముండాదా? ఆ పొద్దు నేను కాపోతే నీ పని నిలబడేదా చెప్పు. స్టేషన్ అంతా ఒకపక్క, నేనొక్కణ్ణే ఒకపక్క. ఉన్న నిజం నిలబడి చెప్పినానా లేదా?”

ఆమె చీపురు ఆపింది. దాని మీద ఆనుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

“చెప్పినావులేరా, నేనేం కాదన్నానా?” అంది. “నువ్వు కొట్టకుండా ఉండుంటే, నీ నిజంతో నాకేం పనిరా?”